మనిషికో మాట

పొద్దున్న ఆరున్నరకల్లా ఆవిడ ల్యాబ్‌లో ఉంటుంది. పదింటిదాకా జనం వరసగా చేతులు చాపుతారు, ఆవిడ రక్తం తీస్తుంది. "పర్వాలేదు, ఏం కాదు" అంటూనే సూది గుచ్చేస్తుంది. భర్తది ఇంటి ముందుగదిలోనే కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ఎప్పటికవుతుందని ఎవరడిగినా "చూద్దాం" అంటాడు. అలా చూద్దామన్నవన్నీ వెనకగదిలో కప్పుదాకా పేరుకున్నాయి. చెడ్డవాడేం కాదు. అవునంటే పని నెత్తిన పడుతుందని భయం, కాదంటే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని భయం. ఈ రెండు భయాల మధ్య పదకొండేళ్ళుగా హాయిగా సంసారం చేస్తున్నాడు.

ఆ వెనకగదిలోకి అక్కని తెచ్చుకోవాలని ఆవిడ కోరిక. తల్లి పోయాక తనని పెంచి పెద్దచేసిన అక్క. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసేది, చూపు మందగించి మానేసింది. ఒక అద్దెగదిలో ఒంటరిగా ఉంటోంది. ఇంకో రెండు నెలల్లో ఆ గది ఖాళీ చేసి ఊరిబయట ఆశ్రమంలో చేరిపోతానంటోంది.

"అక్కని తెచ్చుకుందామండీ" అని ఆవిడ ఎప్పుడు అన్నా ఆయన "చూద్దాం" అనేవాడు. "పర్వాలేదులెండి" అని ఆవిడ ఊరుకునేది. ఈసారి మాత్రం గట్టిగా పట్టుకునేసరికి ఆయన ఒక మెలిక పెట్టాడు.

"ముందో చిలుకని తెచ్చుకుందాం. మనిద్దరి మధ్య ఇంకో ప్రాణి ఇముడుతుందో లేదో తేలిపోతుంది. అది ఇమిడితే మీ అక్కయ్య సంగతి మాట్లాడుకుందాం."

పక్షుల సంరక్షణ కేంద్రం నుంచి ఒకావిడ బూడిదరంగు చిలుకని తీసుకొచ్చింది. ఎర్రతోక, ఇరవై ఏళ్ళ వయసు, ఎవరినీ లెక్కచెయ్యని చూపు.

"ఇది మనిషికో మాట తీసుకుంటుంది" అంది కేంద్రం ఆవిడ కాగితాలు అందిస్తూ. "తనవాళ్ళనుకున్న వాళ్ళ దగ్గరే. తీసుకుందంటే ఆ మాట ఇక మీ నోట రాదు. పాత ఇంట్లో ఆయన దగ్గర 'ఉప్పు' తీసుకుంది. పాపం, ఇప్పటికీ చెయ్యి చూపించి అడుగుతాడు. ఆయన భార్య దగ్గర మాత్రం ఏమీ తీసుకోలేదు. తీసుకోని వాళ్ళని కొరుకుతుంది, అందుకే వదిలించుకున్నారు. మీ ఇద్దరి దగ్గరా తీసుకోవాలి. యాభై రోజుల్లో తీసుకోకపోతే వెనక్కి పట్టుకెళ్ళిపోతాం."

"రోజుకి ఎన్నిసార్లు గింజలు పెట్టాలండీ?" అని అడిగింది ఇల్లాలు.

ఆరో రోజు చిలుక గింజల గిన్నె తన్నేసింది. ఊడ్చడానికి వంగి, అలవాటుగా "పర్వాలేదు" అంది ఆవిడ. చిలుక తల వంచి, అచ్చం ఆవిడ గొంతుతోనే ఆ మాట అనేసింది. అంతే. మళ్ళీ అనబోతే ఆవిడ నోట్లో ఏమీ లేదు. మర్నాడు ల్యాబ్‌లో "కొంచెం నొప్పిగా ఉంటుంది, అటు చూడండి" అంది. జనం నమ్మకంగా చెయ్యి చాపి అటు చూశారు. రాత్రి ఆయన భోజనానికి గంట ఆలస్యంగా వస్తే, "అన్నం చల్లారిపోయింది, నాకు కోపంగా ఉంది" అంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ అంతకన్నా ఎక్కువ ఉలిక్కిపడింది.

ఆయనకి తన మాటల్లో ఏది పోతుందోనని బెంగ పట్టుకుంది. ఆలోచించి ఆలోచించి, పోయినా నష్టం లేని మాట ఒకటి ఏరుకున్నాడు. చిలుక ముందు స్టూలేసుకుని కూర్చుని "ఒంటె, ఒంటె, ఒంటె" అనడం మొదలుపెట్టాడు.

"ఒంటె ఏమిటండీ?" అంది ఆవిడ.

"ఈ జన్మకి నాకు ఒంటెతో పనేముంది? తీసుకోమను."

చిలుక అటు తిరిగి కూర్చుంది. చెయ్యి చాపితే బొటనవేలు కొరికింది. అయినా రోజూ కొట్టులో బల్ల అంచున చేరి, ఆయన రాగి తీగ చుడుతుంటే రెప్ప వెయ్యకుండా చూసేది. ఆయన కూడా పని చేసుకుంటూ దానితో కబుర్లు చెప్పేవాడు, ఒంటె సంగతి మధ్యలో మర్చిపోయి. నెల తిరిగేసరికి రెండు బొటనవేళ్ళకీ పట్టీలు పడ్డాయి. అది బల్ల మీద లేని పూట మాత్రం ఆయనకి పని సాగేది కాదు.

యాభయ్యో రోజు కేంద్రం ఆవిడ ఖాళీ పంజరంతో వచ్చింది. అక్క గది ఖాళీ చెయ్యడానికి ఇంకా వారమే ఉంది. చిలుక వెళ్ళిపోతే అక్క రాదని ఇల్లాలికి తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఆయన దగ్గర తీసుకోలేదన్నమాట. పట్టుకెళ్ళనా?" అంది కేంద్రం ఆవిడ.

"మీరే చెప్పండి. ఉంచుకుందామా, పంపేద్దామా?" అని ఇల్లాలు ఆయన మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు, దాచుకోలేదు.

"చూద్దాం" అన్నాడు. అన్నాడే గానీ, పంజరం తలుపు మీద చెయ్యి అడ్డంపెట్టి తియ్యడం లేదు. చిలుక ఆ చేతి మీదికి ఎక్కింది. ముక్కు బొటనవేలిదాకా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు గానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"చూద్దాం" అంది చిలుక, ఆయన గొంతుతో, తాపీగా.

కేంద్రం ఆవిడ కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఖాళీ పంజరంతోనే వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెప్పండి. అక్కని రమ్మననా?" అంది ఇల్లాలు.

ఆయన నోరు తెరిచాడు. పదకొండేళ్ళుగా చేతికందేంత దగ్గర్లో ఉన్న మాట అక్కడ లేదు. రమ్మను, వద్దు, ఈ రెండే మిగిలాయి. వద్దు అనడానికి ఆయనకి మనసు లేదు. ఎప్పుడూ లేదు, ఆ సంగతి ఆయనకే ఇప్పుడు తెలిసింది. తనే ఫోన్ తీశాడు.

"వదినా, నేను. మీరు ఆ ఆశ్రమానికి వెళ్ళొద్దు. ఇక్కడికి వచ్చెయ్యండి."



"మీ వెనకగదికి కిటికీ ఉందా మరిదిగారూ? నాకింకా వెలుతురు తెలుస్తోంది" అంది వదిన.

ఆయనకి తెలియదు. ఒక్క నిమిషం ఆగమని, ఫోన్ భార్య చేతికిచ్చి వెనకగదిలోకి వెళ్ళాడు. గోడవారగా పేర్చినవి ఒక్కొక్కటే దించాడు. పద్నాలుగో మిక్సీ వెనక తుప్పుపట్టిన కిటికీ గడియ కనిపించింది. సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే రెక్కలు తెరుచుకున్నాయి.

"ఉంది వదినా. తూర్పు వైపు" అని అక్కణ్ణుంచే అరిచాడు. "ఆదివారం నేనే బండి తీసుకొస్తా, సామాన్లు కట్టి పెట్టుకోండి."

ఇల్లాలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అక్కతో పాటు ఏడుస్తోంది. ఆయన ఆ కిటికీ కిందే నేల మీద చతికిలబడి, మొదటి మిక్సీని ఒళ్ళో పెట్టుకుని మరలు విప్పడం మొదలుపెట్టాడు.