వెనక నిలబడే మనిషి

మార్చి ఇరవై ఏడు, గురువారం, ఉదయం ఏడూ నలభైకి, టెక్సాస్‌లోని ఒక ట్రైలర్ పార్కులో, చక్రాల మీది ఇల్లులాంటి ట్రైలర్ ముక్కు దాన్ని లాగే పికప్ ట్రక్కు తొట్టి మీద పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తొట్టి అంచులు రెండూ వంగిపోయాయి. ట్రైలర్ లోపల ఆర్లిస్ సర్దిపెట్టిన గిన్నెలు అల్మారాల్లోంచి కింద పడిన చప్పుడు ఆ వరసలో ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

ఆర్లిస్ అప్పుడు ట్రైలర్ పక్కన నిలబడి ఉంది. కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి చాచి ఉంది. ఆగు అని దానర్థం.

ఓరిన్ పికప్ దిగి తొట్టి వంక చూశాడు. తరువాత ఎదుటి వరండాలో కాఫీ కప్పులతో కూర్చున్న మగవాళ్ళ వంక చూశాడు. ఆ తరువాతే భార్య వంక చూశాడు.

"లాక్ పడిందని నువ్వే కదా చెయ్యి ఊపావు!" అన్నాడు గట్టిగా.

నెబ్రాస్కా నుంచి ఏటా చలికాలానికి వచ్చే గ్లెన్ వాళ్ళకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఎలా ఉందో అతనికి కనిపించింది. అతను కప్పులోకి చూసుకున్నాడు.

పికప్ తొట్టిలో ఇనప దవడ ఒకటి ఉంటుంది. ట్రైలర్ ముక్కు కింద ఉన్న పిన్ను వచ్చి ఆ దవడలో కూర్చోవాలి. కూర్చుందో లేదో తెలియాలంటే, ట్రైలర్ ముందు కాళ్ళు ఎత్తకముందే ట్రక్కును జానెడు ముందుకు లాగి చూడాలి. "ఒకసారి లాగి చూడు ఓరిన్" అని ఆమె చెప్పింది. "నలభై ఏళ్ళు ట్రాక్టర్లు తోలాను, నాకు నేర్పుతావా? మీట నొక్కు, కాళ్ళెత్తు" అన్నాడు. ఆమె నొక్కింది. కాళ్ళు పైకి లేచాక దవడ పిడి పూర్తిగా లోపలికి పోలేదని చూసి చెయ్యెత్తింది. అతను పక్క అద్దంలోకి చూడకుండానే ట్రక్కును ముందుకు పోనిచ్చాడు.

ఆర్లిస్ నార్త్ డకోటాలో ఇరవై నాలుగేళ్ళు స్కూలు బస్సు నడిపింది. రోజూ పొద్దున్నే చేతిలో కాగితం పట్టుకుని మంచులో బస్సు చుట్టూ తిరిగి, లైట్లు, టైర్లు, తలుపు గడియ ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టాకే తాళం తిప్పేది. ఇరవై నాలుగేళ్ళలో బస్సు మీద గీత పడలేదు. పొలం అమ్మేశాక, చలికాలం టెక్సాస్‌లో గడుపుదామని మోటార్‌హోమ్ కొన్నప్పుడు ఎవరు నడపాలన్న ప్రశ్నే రాలేదు. మోటార్‌హోమ్ అంటే దాదాపు బస్సే, లోపల ఇల్లుంటుంది. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది, అతను పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ దారి పొడవునా పంటల గురించి మాట్లాడాడు. వెనక వాళ్ళ చిన్న కారు కట్టుకుని తెచ్చుకునేవాళ్ళు. ఆరు చలికాలాలు అలా జరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పదహారు వందల మైళ్ళలోనే వాళ్ళిద్దరూ ఎక్కువగా మాట్లాడుకున్నారేమో అనిపిస్తుంది ఆమెకు.

పార్కులోకి ఎవరు వచ్చినా మగవాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకుని చూస్తారు. బండి వెనక్కి పెట్టడం అక్కడి వినోదం. ఆర్లిస్ ఒక్కసారిలో పెట్టేసేది. "ఏమోయ్ ఓరిన్, నీ డ్రైవర్‌కి టిప్ ఇచ్చావా?" అని అరిచేవాళ్ళు. మొదటి రెండేళ్ళు ఓరిన్ కూడా నవ్వాడు. మూడో ఏడు నవ్వలేదు. ఐదో ఏడు గేటు దగ్గర ఆపమని, సీటు మారి, తనే నడుపుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమెకు అర్థమైంది. తను అర్థం చేసుకుని ఊరుకున్న ప్రతిసారీ అతనికి ఒక మెట్టు దొరికిందన్న సంగతి మాత్రం అప్పుడు తట్టలేదు.

పోయిన ఆగస్టులో ఆయిల్ మార్పించుకొస్తానని మోటార్‌హోమ్ తీసుకెళ్ళి, ట్రైలర్ కట్టిన పికప్‌తో తిరిగొచ్చాడు. "నీ కోసమే. వంటగది చూడు, మన ఊరి ఇంట్లో కూడా ఇంత లేదు" అన్నాడు. నిజమే. ఆపినప్పుడు గది పెద్దదయ్యేలా గోడలు మూడు వైపులా బయటికి జరుగుతాయి, నడిమధ్య వంట బల్ల ఉంది. ఇంజను పాడైతే ఇల్లంతా గరాజుకి పోవాల్సిన పని లేదన్నాడు. అదీ నిజమే. ట్రైలర్‌ను ఒకచోట పెట్టేసి పికప్‌లో హాయిగా తిరగొచ్చన్నాడు. కానీ ట్రైలర్ వెనక కారు కట్టడం కుదరదు కాబట్టి కారు కూడా అమ్మేశాడు. పికప్ తాళాలు అతని జేబులో ఉంటాయి. "అది నీకు పెద్దది, ఆర్లిస్. ఎక్కడికెళ్ళాలో చెప్పు, నేను దింపుతాను" అన్నాడు, అరవై మంది పిల్లల బస్సు నడిపిన మనిషితో.

పక్క వరసలో ఉండే మేవిస్‌ను వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి ఆర్లిసే తన కారులో తీసుకెళ్ళేది. ఈ ఏడు ఓరిన్ నాలుగుసార్లు దింపాడు. ఐదోసారి, "ఈవేళ పార్కులో షఫుల్‌బోర్డు ఆట పోటీ ఉంది, ఆవిడకి ఆస్పత్రి వ్యాన్ ఉందిగా" అన్నాడు. మేవిస్ ఆ వ్యాన్ కోసం రెండేసి గంటలు చక్రాల కుర్చీలో కూర్చునేది. జనవరి నెలాఖరుకి అయోవాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. "నీ తప్పేం లేదమ్మాయ్" అంది వెళ్ళేటప్పుడు. ఆర్లిస్‌కు డెబ్భై ఒకటి. అమ్మాయ్ అని పిలిచే మనిషి ఇంకొకరు లేరు. ఆ మధ్యాహ్నం ఆమె వంట బల్ల మూడుసార్లు తుడిచింది.

ట్రైలర్ పడిన రోజే పది గంటలకు ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడారు. ఓరిన్ ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల చిన్న వయసు అమ్మాయి గొంతు.

"మేడమ్, లాక్ పడిందని సైగ చేసింది మీరేనా?"

ఓరిన్ ఎదురుగా నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు అంచు మీదుగా ఆమె వంకే చూస్తున్నాడు. నలభై ఆరేళ్ళుగా అతను అలా చూసినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి అడ్డం పెట్టింది. ఆలస్యంగా విత్తిన పంట వడగళ్ళకు పోయినప్పుడు, తప్పు అతనిదేనని తెలిసీ బ్యాంకువాడి ముందు తను విత్తనాలు ఆలస్యంగా తెప్పించానని చెప్పింది. కొడుకు మాట్లాడడం మానేసినప్పుడు, తనే ఏదో అన్నానని ఊరందరికీ చెప్పింది. చెప్పీ చెప్పీ కొన్ని నిజంగానే తన తప్పులేమో అనిపించేంత వరకూ వచ్చింది. ఇది మాత్రం అలా అనిపించలేదు. తన చెయ్యి ఎలా ఉందో తనకి తెలుసు.

"అవును. నేనే" అంది.

"ఇంతకుముందు మీ పేరు మీద ప్రమాదాలేమైనా ఉన్నాయా?"

"లేవు."

"అయితే ఇదే మొదటిదని రాసుకోమంటారా?"

"రాసుకోండి."

ఫోను పెట్టేశాక ఓరిన్ కుర్చీలో కూర్చున్నాడు. "చూశావా, రెండు నిమిషాల్లో అయిపోయింది. నీకు పోయిందేముంది? నువ్వెలాగూ బండి నడపవు కదా" అన్నాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పగిలిన పింగాణీ ఏరింది.

మరమ్మతుకి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ పార్కులో అదే కబురు. ఆదివారం అందరూ కలిసి తినే చోట ఆమె బంగాళదుంపల గిన్నె బల్ల మీద పెడుతుంటే, "లాక్ పడిందా ఆర్లిస్? సరిగ్గా చూసుకున్నావా?" అన్నాడు గ్లెన్. బల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఓరిన్ నవ్వాడు.

ఏప్రిల్ పదిహేనున ఊరికి బయల్దేరారు. మరునాడు సాయంత్రం ఆరూ ఇరవైకి ఓక్లహోమాలో ఒక క్యాంపు దగ్గర ఆగారు. నేరుగా నడుపుకెళ్ళి ఆపుకునే స్థలాలన్నీ నిండిపోయాయి. మిగిలింది పద్నాలుగో నంబరు, రెండు చెట్ల మధ్య. అందులోకి ట్రైలర్‌ను వెనక్కే నడపాలి. వెనక ఒకరు నిలబడి చెయ్యి చూపించాలి.

"దిగు, వెనక్కెళ్ళి చూపించు" అన్నాడు ఓరిన్.

"నేను దిగను."

"ఏంటీ?"

"లాక్ పడకపోయినా పడిందని చెయ్యి ఊపిన మనిషిని నేను. వాళ్ళు రాసుకున్నారు. అలాంటి మనిషిని వెనక నిలబెట్టుకుని ఎవరూ బండి వెనక్కి నడపకూడదు. మా స్కూల్లో అయితే ఆ రోజే మాన్పించేవాళ్ళు."

"ఆర్లిస్, వేళాకోళమా? చూడు, జనం వస్తున్నారు."

"వేళాకోళం కాదు."

"నువ్వు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడదంతా ఎందుకు?"

"నాకు తెలుసు" అంది ఆమె. "నీకూ తెలుసని ఇప్పుడే విన్నాను."

ముగ్గురు మగవాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకుని రోడ్డుకి అవతల వేసుకున్నారు. ఓరిన్ గేరు మార్చాడు. మొదటిసారి ట్రైలర్ ఎడమ చెట్టు వైపు పోయింది. ముందుకు తీసి మళ్ళీ పెట్టాడు. "పెద్దాయనా, మీ ఆవిడ చెయ్యి చూపించదా?" అని ఒకతను అరిచాడు. ఓరిన్ కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు. ఆమె లెక్కపెట్టింది, పదకొండు సార్లు ప్రయత్నించాడు.

ఏడింటికి క్యాంపు ఆఫీసు మూసేశారు. అప్పటికి ట్రైలర్ రోడ్డుకి అడ్డంగా ఉంది. ఆర్లిస్ సీటు బెల్టు తియ్యలేదు.