తెల్ల జావ పంక్తి

అందరూ ఆయన్ని గింజల డాక్టరు అనేవారు. గింజలో ఏ పోషకం ఎంత ఉందో తేల్చే జీవరసాయన శాస్త్రంలో తల పండినవాడు. ఏళ్ళ తరబడి కళ్ళలో వత్తులు వేసుకుని, కంటిచూపును కాపాడే విటమిన్ దండిగా ఉన్న నారింజ రంగు మొక్కజొన్నను పుట్టించాడు. ఇక పిల్లలు తింటే మేలు జరుగుతుందని రుజువు చెయ్యడమే మిగిలింది.

అందుకు, ఆ విటమిన్ కొరత ఉన్న పిల్లలతో ఓ బడి హాస్టల్ దొరికింది. భోజనాల గదిలో ఒక పంక్తికి నారింజ జావ, రెండోదానికి మామూలు తెల్ల జావ. ఎవరిది ఏ పంక్తో చీటీలు తీశారు. అక్కడ వంటమనిషి స్వయానా ఆయన అక్క. తల్లి పోతే ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడ కూతురికి తెల్ల జావ చీటీ వచ్చింది.

కొన్నాళ్ళకు రక్తపరీక్షలు చేస్తే, తెల్ల పంక్తి పిల్లలు కూడా తేరుకుంటున్నారు. గింజల డాక్టరు గుండెల్లో రాయి పడింది. తేడా లేకపోతే ఆయన గింజ ఎవడికి కావాలి? తిన్నగా వంటగదికి వెళ్ళి తెల్ల జావలో గరిటె తిప్పాడు. సన్నగా తరిగిన ఆకుకూర పైకి తేలింది.

"ఏంటక్కా ఇది?"

"చీకటి పడితే పిల్లకి చూపు ఆనట్లేదురా. ఆ మధ్య గుమ్మానికి గుద్దుకుంది. అందుకే కాస్త ఆకు వేస్తున్నా."

"అది రేచీకటి. నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఇంకో రెండు నెలలేగా. తర్వాత విటమిన్ మాత్ర వేస్తే ఇట్టే పోతుంది. ఇప్పుడేస్తే నా ప్రయోగం చెడిపోతుంది."

మాత్రల డబ్బా ఆయన సంచిలోనే ఉంది. అక్కను ఆ రోజే పనిలోంచి తీసేయించాడు. పిల్లనైనా తీసుకుపోతానంటే, బడిలో చోటు పోతుందన్నాడు. చదువు పోతుందన్న భయంతో ఆవిడ పిల్లను అక్కడే వదిలి వెళ్ళింది.

ఆ రెండు నెలల్లోనే పిల్లకు తట్టు పోసింది. ముందే విటమిన్ లేని ఒళ్ళు కావడంతో, జ్వరం దిగేసరికి రెండు నల్లగుడ్లూ మెత్తబడి చితికిపోయాయి. అప్పుడు వేశారు మాత్ర. ప్రాణం నిలిచింది, చూపు రాలేదు.

ఫలితాలు మాత్రం అదిరిపోయాయి. రెండు పంక్తుల మధ్య అంత తేడా ఎవరూ ఎన్నడూ చూపించలేదట. సభలో పెద్దలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాడు. అక్క మొహం తిప్పుకుంది. పిల్ల మాత్రం ఆయన గొంతు విని లేచి కూర్చుంది.

"మావయ్యా, నీ పరీక్ష పాసయ్యావట కదా, నర్సు చెప్పింది."

"అవును తల్లీ."

"నేను ఒక్క పూట కూడా జావ మానలేదు. పక్కపిల్ల తన నారింజ జావ పెడతానన్నా తీసుకోలేదు. నువ్వు వద్దన్నావుగా."

గింజల డాక్టరు ఆ పిల్ల తల నిమిరాడు.

"మంచి పని చేశావు" అన్నాడు.