కోడికునుకు

నిద్రపోయేదానికి కరెంటెందుకని అనసూయ ఆ వైరు పీకేసింది.

జనక్‌పురి ఇంట్లో తిరుగుతూ స్విచ్చులన్నీ ఆపడం రోజూ ఆమె పనే. గీజరు, కూలరు, ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను. ఆ శనివారం సాయంత్రం కొడుకు రఘురామ్ స్నేహితులకి పకోడీలు వేసి, మూకుడు కడిగి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి బల్ల మీద కోడలు ప్రత్యూష ల్యాప్‌టాప్ మూత వేసి ఉంది. అంచున పచ్చదీపం మినుకుమినుకుమంటోంది. "పడుకోబెట్టాను అత్తయ్యా. మీ పాట ఎక్కడిదక్కడే ఉంటుంది. మూత తెరిస్తే లేస్తుంది" అని మధ్యాహ్నం కోడలు చెప్పింది మరి.

ప్రత్యూష అశోకా రోడ్‌లో పెద్దవాళ్ళకి చదువు నేర్పే సంస్థలో పుస్తకాలు తయారుచేస్తుంది. మామగారు పోయిన ఏడాదికి, యాభై ఆరో ఏట అత్తకి అక్షరాలు దిద్దించింది ఆమే. ల్యాప్‌టాప్ మీటల మీద తెలుగు అక్షరాలు కాగితం ముక్కల మీద రాసి అంటించిందీ ఆమే. శనివారం మధ్యాహ్నం శనగపిండి గుండ్రంగా కలుపుతుంటే, నలభై ఏళ్ళుగా గుర్తురాని అమ్మ తిరగలి పాట అనసూయ నోట్లోకి దానంతటది వచ్చేసింది. చెయ్యి కడుక్కుని పరుగున వచ్చి ఒంటి వేలితో గంటసేపు కొట్టింది. మూడో వరుస పూర్తవుతుండగానే "అమ్మా, వాళ్ళొచ్చేశారు, నూనె పెట్టు!" అని రఘురామ్ కేక. లేచి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్న మూత తెరిస్తే లేవలేదు. ప్రత్యూష వైరు తగిలించింది. లేచింది గానీ పాట లేదు.

"వైరు ఎవరు తీశారు?"

"నేనే. నిద్రపోతోందిగా."

"అయ్యో అత్తయ్యా! ఇది పాత బ్యాటరీ, రెండు గంటలు కూడా ఆగదు. నిద్రలో కూడా కాస్త కరెంటు తాగుతూ ఉండాలి. అప్పుడే బుర్రలో పట్టుకున్నది నిలుస్తుంది. అది అందకపోతే అంతా మరిచిపోతుంది. తప్పు నాదే, సేవ్ చెయ్యకుండా మూత వేసేశాను."

"సేవ్ అంటే?"

"లోపల రాసిపెట్టుకోవడం. ఒకసారి రాసుకుంటే పూర్తిగా ఆపెయ్యచ్చు. ఇక దేన్నీ పట్టుకుని ఉండక్కర్లేదు."

పేపరు వెనక నుంచి రఘురామ్ నవ్వాడు. "అచ్ఛా, పాట కోసమా ఇంత గోల? అమ్మ బుర్రలో ఉంటుందిలే. నాన్న ఏమనేవారు? మా అనసూయే నా డైరీ!"

కంటోన్మెంట్ క్వార్టర్సులో ఎవరొచ్చినా ఆమె భర్త అప్పారావు ఆ మాట అనేవాడు. ప్రేమగానే. ఎండలో కుర్చీ వేసుకుని, పల్లీలు ఒలుస్తూ అనే ఆ గొంతు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు వెచ్చబడుతుంది. ట్రంకుపెట్టె తాళాలు, పిల్లాడి టీకాలు, ఆడపడుచు పెళ్ళిరోజు, ఆయన బెల్టు, అత్తగారి మందులు, అన్నీ ఆమె బుర్రలోనే. "నాకూ రాయడం నేర్పరాదా" అని ఒకసారి అడిగితే "డైరీకి చదువెందుకే?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు నిజంగానే నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్ళూ కోడికునుకే. ఎవరు దగ్గినా మెలకువ, ఎవరు తలుపు తట్టినా మెలకువ. నిద్రలో కూడా అందరివీ పట్టుకునే ఉంది. అలా పట్టుకుని ఉండటానికి తనకి ఎవరేం తాగించారో మాత్రం ఎంత వెతికినా గుర్తురాలేదు.

పాటలో రెండు వరుసలు వచ్చాయి. మూడోది రాలేదు. భోజనాలయ్యాక అనసూయ స్టీలు గిన్నె నేలమీద బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టి తిప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"విసురుతున్నా."

రఘురామ్ పెళ్ళాం వైపు చూశాడు. ప్రత్యూష వేలు పెదవి మీద పెట్టుకుంది. గిన్నె గరగరమంది. పదో చుట్టుకో పదిహేనో చుట్టుకో అమ్మ మట్టిగాజులు వినబడ్డాయి, కనుబొమల మీద పిండి కనబడింది. వెంటనే లేచి వెళ్ళి కొట్టింది.

తెల్లనిది పిండమ్మ, నల్లనిది చెయ్యి
పిండి అందరికి పెడితి, చెయ్యి దాచుకొంటి
చెయ్యి పాడే పాటకు చెవి ఎవ్వరమ్మ

"అమ్మా, చాయ్!"

"ఉండరా. సేవ్ అవనీ."

కోడలు చూపించిన మీట నొక్కింది. "ఇప్పుడు పూర్తిగా ఆపెయ్యి" అంది ప్రత్యూషతో. పచ్చదీపం ఆరిపోయింది. అనసూయ చాలాసేపు దాని వంక చూసింది. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, పెద్దపెద్ద అక్షరాలతో అంచుల దాకా నింపి, ఫ్రిజ్ మీద అంటించి, గదిలోకి వెళ్ళి మంచం మీద వాలింది.

కాసేపటికి వంటింట్లో డబ్బాల చప్పుడు. "అమ్మా! టీపొడి ఎక్కడ పెట్టావ్? రేపటికి నా తెల్లచొక్కా ఏదీ?"

అనసూయ గోడవైపు తిరిగి, దుప్పటి చెవుల మీదికి లాక్కుంది.

"రాసిపెట్టాను నాన్నా. చదువుకో."