ఉడుం పట్టు

తెల్ల ఎలకను మెడ వెనక ఒడిసిపట్టి వెనక కాలు ముందుకు చాపాడు ఉడుం. "ముంచు బాబూ. నేనుండగా కరిచే దమ్ము దీనికెక్కడిది?"

ఎలక పాదం ముంచి వాపు కొలిచే నీళ్ల గొట్టం పట్టుకున్న పరిశోధక విద్యార్థి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంత చదువూ చదివి ఎలకకు జడిసే మనిషిని ఉడుం ఇంకెక్కడా చూడలేదు.

ఉడుం అన్నది ప్రయోగశాల పెట్టిన పేరు. అతని చేతిలోంచి ఎలక జారిందన్న మాట ఎవరూ వినలేదు. ఈ మధ్యే వేళ్ల కణుపులు వాచి, చొక్కా గుండీలకు కూడా భార్యను పిలవాల్సి వస్తోంది. పట్టు పోయిందని తెలిస్తే గేటు దగ్గర కుర్చీలో పడేస్తారు. అందుకే ఎంత ఉక్కపోసినా తోలు తొడుగులు తీయడు.

ప్రయోగశాల నడిపే మేడమ్‌ది మరో పిచ్చి. మేకలు కూడా ముట్టని ఆకు సారం తీసి సగం ఎలకలకు తాగించడం, అన్నిటి పాదాలకూ సూది పొడిచి వాపు తెప్పించడం, దేని వాపు తగ్గిందో నీళ్లలో ముంచి కొలవడం. కొండను తవ్వి ఎలకను పట్టడమంటే ఇదే. ఇంట్లో భార్యా అదే ఆకు నూరి వేళ్లకు పట్టించుకోమని తెస్తుంది. "నేనేమన్నా గొడ్డునా?" అని గిన్నె తోసేస్తాడు.

"బాబాయ్, పసరు వాసన వస్తోంది."

"మీ సీసాల కంపే."

ఆకు సారం తాగిన ఎలక పాదం వాపు నిజంగానే తీసింది. "ఎలకకు తగ్గితే ఎవడిక్కావాలి?" అంటూ ఇంకో ఎలకను అందుకున్నాడు. అది జారి బల్ల మీద పడి పరుగెత్తింది. విద్యార్థి స్టూలెక్కాడు.

చప్పుడు విని మేడమ్ వచ్చింది. తొడుగులో ముడుచుకోని వేళ్ల వంక చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎలకకు కొవ్వెక్కిందమ్మా, అంతే."

"రేపట్నుంచి గేటు దగ్గర కూర్చోండి. ఈ మందు మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది గానీ, లేకపోతే ముందు మీకే ఇచ్చేదాన్ని."

"నాకా, ఆ గడ్డి మందా? వద్దులెండి."

అతను గోడవైపు తిరిగి తొడుగులు లాగి మేకుకు తగిలించాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, గేటు దగ్గరి కుర్చీ వంకైనా చూడకుండా వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు.

కొత్త మనిషి దొరికేదాకా ఎలకల్ని తానే పట్టాల్సి వచ్చి, విద్యార్థి ఆ తొడుగులో చెయ్యి దూర్చబోయి ఆగాడు. లోపల వేలువేలునా, ఎండినదాని మీద ఎండినది, దాని మీద ఇంకా పూర్తిగా ఆరనిది, నూరిన ఆకుముద్ద అంటుకుని ఉంది.