పాప ఎడమ పాదం

పాపకి నాలుగో నెల వచ్చిన దగ్గర్నుంచి దాని తల్లికి కంటి మీద కునుకు లేదు. పాప ఎడమ పాదం చల్లగా ఉంటోంది, కుడిది వెచ్చగా. ఇస్త్రీ బల్ల పక్కన బుట్టలో పడుకున్న పిల్ల పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంటే చాలు, తేడా ఇట్టే తెలిసిపోయేది.

అత్తకి చెబితే నవ్వేసింది. పిల్లలో సగం మా పోలిక, సగం మీ పోలిక, ఆ చల్లటి సగం మాదేలే అంది. కోడలికి నవ్వు రాలేదు. తను ఏడో క్లాసులో ఉండగా నాన్నకి ఎడమ పక్క పడిపోయింది. ఆ పొద్దున అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, చల్లగా ఉందేమిటండీ అనడం ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ రోజు మూసిన పుస్తకం మళ్లీ తెరవనేలేదు.

ఇక గంటకోసారి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టడం, పాదాలు పట్టుకోవడం, దిగులుపడి మళ్లీ పెట్టె అందుకోవడం.

శనివారం ఆస్పత్రి నర్సమ్మ ఇస్త్రీకిచ్చిన తన తెల్లకోట్ల కోసం వచ్చింది. ఆఖరి కోటు ఇంకా బల్ల మీదే ఉంది. దాని మీద పెట్టె నడుపుతూనే కోడలు కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. నర్సమ్మ థర్మామీటరు తీసి పాప రెండు చంకల్లోనూ పెట్టి చూసింది. ఒక్క గీత తేడా ఉంది, అంత తేడా ఎవరికైనా ఉండేదేనంది. పాదాలు ముట్టుకుని, రెండూ ఒకేలా ఉన్నాయంది. తల్లి నమ్మలేదు. పెట్టె దించి పాదాలు పట్టుకుంది.

"చూడండమ్మా, ఇప్పుడూ అంతే."

నర్సమ్మ ఆమె చేతుల వంక చూసింది. కుడిచెయ్యి పొద్దుట్నుంచీ వేడి పెట్టె పిడి మీదే. ఎడమది నీళ్ల గిన్నెలో, బట్టల మీద చిలకరిస్తూ.

"చేతులు మార్చి పట్టుకో తల్లీ."

మార్చింది. ఈసారి కుడి పాదం చల్లబడింది. తేడా అంతా తన అరచేతుల్లోనే ఉంది.

"పిచ్చిదానా, ఇకమీదట చెంప ఆనించి చూసుకో. చెంపతో ఇస్త్రీ చెయ్యవుగా."

వంగి ఎడమ పాదం చెంపకి ఆనించుకుంది. తర్వాత కుడిది. మళ్లీ ఎడమది. పాపకి విసుగొచ్చినట్టుంది, ఆ ఎడమ కాలితోనే ముక్కు మీద ఒక్కటి తన్నింది.

తల్లి కళ్లు తుడుచుకుని, మొహం ఇంకా దగ్గరికి పెట్టింది.

"ఇంకోటి తన్నవే."