హాలు పట్టని తార

వదిన టెంట్లు కుట్టేది. భర్త పోయాక ఆమెకు షెడ్డూ, రెండు మిషన్లూ, అత్తగారూ మిగిలారు. మిషన్లతో పేచీ లేదు.

సైన్సు మ్యూజియంలో పనిచేసే మరిది ఒకరోజు షెడ్డుకొచ్చి, జేబులోంచి శనగగింజ తీసి బల్ల మీద పెట్టాడు.

"వదినా, ఇది సూర్యుడు."

"సరే" అంది వదిన, మిషను ఆపకుండా.

"తారల్లో రకాలుంటాయి. అన్నిటినీ ఈ కొలతకే తయారు చేస్తున్నాం. ఎర్ర మరుగుజ్జుకి ఆవగింజ పెట్టాం. నీలి తారకి బత్తాయి, రెడ్ జెయింటుకి గుమ్మడికాయ. తెల్ల మరుగుజ్జుకి దుమ్ము రేణువు చాలు, మా దగ్గర దానికి కొదవలేదు. సూపర్ జెయింటు దగ్గరే ఆగిపోయాం."

"అదెంతుంటుంది?"

మరిది పైకప్పు కేసి చూశాడు. "మీ షెడ్డులో పట్టదు."

"ఇంత తేడా పెట్టుకుని అన్నిటికీ తారలనే పేరేంటి?"

తమ మ్యూజియంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు మరిది.

ఫ్యాను గాలితో ఉబ్బే గుడ్డ గోళం కుట్టాలని తేల్చుకున్నారు. అసలు తార కూడా లోపల చాలావరకు పల్చగానే ఉంటుందని మరిది చెప్పాక వదినకు ధైర్యం వచ్చింది. ఎర్రగుడ్డను కమలా తొనల్లా కత్తిరించింది. కుట్టులో పోతుందని ప్రతి తొనకూ అంచున కాస్త ఎక్కువ వదిలింది. టెంట్లకు ఎప్పుడూ అంతే. టెంటు కాస్త పెద్దదైందని ఎవరూ గొడవకు రారు.

మ్యూజియం హాల్లో తారల ప్రదర్శన ప్రారంభోత్సవానికి అత్తగారు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ముఖ్య అతిథి స్విచ్చి నొక్కి మైకు అందుకున్నారు. తార లేచింది. రెండంతస్తుల ఎత్తున్న పైకప్పుకు తగిలి, ఇక పైకి దారిలేక పక్కలకు బలిసింది. జనం ముందు కుర్చీలు జరిపారు, తర్వాత కుర్చీలే వదిలేశారు. గుమ్మడికాయ ఎటో దొర్లిపోయింది. ముఖ్య అతిథి గోడకు అతుక్కుపోయినా ఉపన్యాసం ఆపలేదు.

"ఆపండి" అన్నాడు మరిది. స్విచ్చి బోర్డు అప్పటికే తార వెనక ఉంది.

"గుడ్డ ఎక్కువ వదిలారా వదినా?"

"కొంచెమే. తొనకి కొంచెం."

తొనలెన్నో మరిదికి తెలుసు.

వదిన సంచిలోంచి కత్తెర తీసి, ముఖ్య అతిథి పక్కనున్న కుట్టును నిలువునా విప్పింది. గాలి బుస్సుమంది. ఫ్యాను తిరుగుతూనే ఉండటంతో తార కూలిపోలేదు, కాస్త తగ్గి నిలబడింది. బయట చోటు లేక ముఖ్య అతిథి ఆ చీలికలోంచి లోపలికి వెళ్లారు. ఆయన వెనకాలే మిగతావాళ్లూ వెళ్లారు.

లోపలంతా ఎర్రటి వెలుగు. మరిది శనగగింజను అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తలలెత్తి పైకి చూస్తుండిపోయారు.

అత్తగారు మాత్రం పక్కనున్న కుట్టును వేలితో తడుముతూ చాలా దూరం నడిచి, వదిన దగ్గర ఆగారు.

"ఎక్కడా వంకర పోలేదు" అన్నారు.

ఆమె నోట అలాంటి మాట విన్న అలవాటు లేక వదిన తడబడింది. "కొలత తప్పింది అత్తయ్యా. ఎక్కువైంది."

"ఎక్కువైతే ఏం? ఇంతమందీ పట్టారు."

చీలిక దగ్గర మరిది, అక్కడ జిప్పుతో తలుపు కుట్టించాలని మ్యూజియం వాళ్లను అప్పుడే ఒప్పిస్తున్నాడు.