తేనెబండ హాల్టులో అడగకూడని మాట

నేను ఒక హాల్టుని. స్టేషను అనిపించుకునేంత గొప్పదాన్ని కాదు. ఒక గది, దానికొక కిటికీ, కూర్చోవడానికి ఒక నాపరాయి బల్ల, మూడు భాషల్లో తేనెబండ అని రాసిన పసుపు పలక. అంతే నేను. రెండేళ్లుగా నా దగ్గర ఏ బండీ ఆగడం లేదు. ఈ ఉదయం పది గంటలకు, రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచివెళ్లే కీమ్యాన్ హుసేనయ్య నా ముందు ఆగి, సంచిలోంచి కాగితం తీసి నా గోడకు అంటించాడు. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిమ్మతోట వైపు కేకేశాడు.

"చెన్నకేశవులూ, నీ పెండ్లాం దరఖాస్తు పాసయింది రా. రేపట్నించి బండి ఆగుతాది."

ప్యాసింజరు బండి పొద్దున నంద్యాల వెళ్లేటప్పుడూ, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ, మూడు నెలలపాటు ఒక్కో నిమిషం ఆగుతుందట. టికెట్లు తెగితే ఆ తర్వాతా ఆగుతుంది. తెగకపోతే నన్ను పడగొట్టేస్తారు. టికెట్లమ్మే ఏజెంటు చెన్నకేశవులు పెళ్లాం హిమబిందే. పెళ్లయి నాలుగు నెలలే అయిన బి.కాం. అమ్మాయి. తోటలోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, ఆ కాగితం మూడుసార్లు చదివి, దాని మూలలు మళ్లీ అదిమి అంటించింది. నాకు చక్కిలిగింత అయింది.

నా దగ్గర బండ్లు ఆగకుండా పోయిందెందుకో చెప్పాలి. జనం లేక అని రాసుకున్నారు. జనానికేం, నిండా ఉన్నారు. నలభై రెండేళ్ల కిందట ఎర్రమట్టి పోసి నన్ను కట్టినప్పుడు, మొదటి ఏజెంటుగా సత్యమూర్తి అనే రిటైరైన గుమాస్తా వచ్చాడు. కిటికీ ముందు ఎవరు నిలబడినా తల ఎత్తకుండా "ఎక్కడికి?" అనేవాడు. టికెట్టు ఇవ్వాలంటే అడగాలి కదా మరి. కానీ మా ఊళ్లో ప్రయాణం బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే ఆ ప్రయాణం చెడినట్టే. అడిగించుకున్నవాళ్లు మూటలెత్తుకుని ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరేవారు. ఈలోగా బండి వెళ్లిపోయేది. శకునం నిజమైందని సత్యమూర్తినే తిట్టుకునేవారు. ఆయన పదేళ్లు ఓర్చుకుని, ఒకరోజు తనే బండెక్కి వెళ్లిపోయాడు. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

తర్వాత మా ఊరి వెంగళయ్య వచ్చాడు. హిమబిందుకు మామగారు. బంగారంలాంటి మనిషి. ముప్పై ఏళ్లు ఆ కిటికీ వెనక కూర్చుని ఒక్కరినీ ఎక్కడికని అడగలేదు. చెప్పినవాళ్లకు టికెట్టు కోశాడు. చెప్పనివాళ్లకు నవ్వుతూ తలాడించాడు. ఆయన అడగలేదు కాబట్టి టికెట్టు అక్కర్లేదేమోనని ఊరివాళ్లు అనుకున్నారు. తోటి ఊరివాళ్ల చెడు కోరలేక ఆయన ఊరుకున్నాడు.

ఆ ముప్పై ఏళ్లూ నేనెంత సుఖపడ్డానో. ఆగేది ఒక్క నిమిషమైనా, కొత్త పెళ్లికూతురు ఎక్కే రోజున గార్డు ఆమె ఏడుపు అయ్యేదాకా పచ్చజెండా మడిచే ఉంచేవాడు. ఒక్కోసారి అమ్మాయి ముందే తేరుకుని నవ్వేసేది, తల్లే ఇంకా ఏడుస్తూ ఉండేది. అప్పుడు ఎవరి ఏడుపు లెక్కలోకి తీసుకోవాలో తెలియక గార్డు వెంగళయ్య వైపు చూసేవాడు.

చివరకొక అధికారి వచ్చి టికెట్ల పుస్తకం చూశాడు. నెలకు పదకొండు. ఆయన వెనకాలే జనం తోసుకుంటూ బండెక్కుతున్నారు.

"వీళ్లంతా ఎవరయ్యా?" అన్నాడు ఆయన.

"అంతా మావాళ్లే సార్," అన్నాడు వెంగళయ్య సంతోషంగా.

మరుసటి నెల నుంచి బండి ఆగలేదు. నన్ను మూయించింది తన నోరేనని వెంగళయ్యకు తర్వాత అర్థమైంది. ఆ రోజు నుంచి నా దగ్గరికి రాలేదు.

ఈ సాయంత్రం వచ్చాడు. కొడుకూ కోడలూ నా గదికి సున్నం కొడుతుంటే, భార్య రంగమ్మతో కలిసి మెల్లగా నడిచొచ్చి బల్ల చివర కూర్చున్నాడు. సున్నం అయ్యాక హిమబిందు లోపలికి వెళ్లి కిటికీ తెరిచింది. చెన్నకేశవులు బయట నిలబడి, తువ్వాలు నెత్తిన కొంగులా వేసుకున్నాడు.

"నేను మీ చిన్నత్తను. యాడికని అడిగినావంటే ఈ మూట నీ నెత్తినేస్తా."

"టికెట్టు కావాలా చిన్నత్తా?"

"వద్దులేమ్మా, ఎందుకు నీకు శ్రమ," అని అతను బండెక్కినట్టు పక్కకు జరిగాడు. రంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఉండండి, ఉండండి. ఎంత దూరం చిన్నత్తా?"

"నన్ను దూరం పంపేదానికి నీకెంత తొందరమ్మే?"

హిమబిందు కూడా నవ్వింది గానీ, మొహంలో దిగులు కనపడింది. రేపు ఆ కిటికీ ముందు నిలబడేది తువ్వాలు కప్పుకున్న మొగుడు కాదు, నిజం చిన్నత్తే. ఈ అమ్మాయి అడగలేకపోతే నేను మూడు నెలలకు ఇటుకల కుప్పని.

బల్ల మీది నుంచి వెంగళయ్య నేలకేసి చూస్తూ అన్నాడు. "అది అడిగేదానికి రాదు తల్లీ. నా వల్ల కాలే. నీ తప్పేం గాదు."

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగింది.

"చిన్నత్తా," అంది నెమ్మదిగా, "యాడ్నుంచి తిరిగొస్తారు?"

"నంద్యాల నుంచి," అన్నాడు చెన్నకేశవులు. అన్నాక తువ్వాలు తీసేసి పెళ్లాన్ని తేరిపార చూశాడు. నాటకం సంగతి మరిచిపోయి చెప్పేశాడు.

"అయితే రానూపోనూ టికెట్టు కొయ్యనా?" అంది హిమబిందు.

రంగమ్మ మొదట నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. తిరిగొస్తావని ముందే అనడం కదా అది, దీవించినట్టు. నలభై రెండేళ్లలో ఇంత చిన్న మాట ఒక్కరికీ తోచలేదు. అన్నీ చూశానని చెప్పుకునే నాకూ తోచలేదు.

వెంగళయ్య లేచాడు. వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు లోపల కూర్చున్న మనిషి, బయట నిలబడడం ఇదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక చువ్వల మీద ఆనించాడు.

"ఇప్పుడు నన్నడుగు తల్లీ."

"యాడ్నుంచి తిరిగొస్తారు మామా?"

"నంద్యాల నుంచి. నేనూ, మీ అత్త. రేపు మొదటి టికెట్లు మాకే కొయ్యాల."

"నంద్యాలలో మనకేం పని?" అంది రంగమ్మ వెనక నుంచి.

"పనేం లేదు. ముప్పై ఏండ్లు అందర్నీ ఎక్కించినా గానీ, నీతో ఒక్కనాడూ బండెక్కలే. రేపు పొద్దున్నే పోదాం, సాయంత్రానికి వద్దాం. ఆరుకల్లా తయారుగా ఉండు."